ముందు తిండి, ఆ తర్వాతే ఆపరేషన్: నా అనుభవం

"ఈ వారం ఆపరేషన్ చెయ్యడం లేదు" అని సర్జన్ గారు అనగానే మా ఇంట్లో అందరికీ ఒకటే అనుమానం వచ్చింది. రోగం ముదిరిపోయిందా, మాకు చెప్పకుండా దాస్తున్నారా అని. నా జీర్ణాశయం కింది భాగంలో, తిన్నది పేగులోకి జారే దారి దగ్గర కణితి ఉందని ఎండోస్కోపీలో కనబడింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. స్కాన్‌లో మాత్రం వేరే అవయవాలకు పాకిన జాడ లేదు. తీసేయడానికి వీలైన దశే అని ఆయనే అన్నారు. అలాంటప్పుడు ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిది కదా అని మా ఆయన వాదనకు దిగారు.

సర్జన్ గారు విసుక్కోలేదు. "రెండు వారాల్లో కణితి పెద్దగా మారదండీ. ఈ రెండు వారాలూ సరిగ్గా పోషణ అందితే మేడమ్ గారి ఒళ్లు మాత్రం చాలా మారుతుంది. ఇప్పుడున్న పరిస్థితిలో కోస్తే నేను వేసే కుట్లు అతుక్కుంటాయన్న నమ్మకం నాకు లేదు" అన్నారు. ఆ చివరి మాట విన్నాక మా ఆయన మరి నోరెత్తలేదు.

ఆ రెండు వారాల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, అప్పుడు నేను మత్తులో ఉన్నాను.

అంతకు ముందు ఐదారు నెలలుగా బరువు తగ్గుతూనే ఉన్నాను. 64 కిలోలు ఉండేదాన్ని 54కి వచ్చాను. మొదట్లో దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. "ఏం డైట్ చేస్తున్నారు మేడమ్, భలే తగ్గారు" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. నా ఎత్తుకి 54 కిలోలంటే బీఎంఐ 21. ఏ చార్టులో చూసినా అది మంచి బరువే. తర్వాత కాస్త తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండేది. ఆ తర్వాత వాంతులు. మధ్యాహ్నం తిన్నది రాత్రికి అరగకుండా అలాగే బయటికి వచ్చేది. అప్పటికి గానీ ఎండోస్కోపీ దాకా వెళ్లలేదు.

బీఎంఐ బాగుందిగా, మరి నాకు పోషణ లోపం ఏమిటని డైటీషియన్‌ని అడిగాను. ఇప్పుడు ఎంత ఉన్నారన్న దానికన్నా ఎంత కాలంలో ఎంత పోయిందన్నది ముఖ్యం అని ఆమె చెప్పారు. కావాలని తగ్గకుండా, ఆరు నెలల్లో పది శాతం దాటి బరువు పోతే, పెద్ద ఆపరేషన్‌కి అది తీవ్రమైన ముప్పు కింద లెక్క. నాకు పోయింది దాదాపు పదహారు శాతం. లావుగా ఉన్నవాళ్లలో ఇది ఇంకా దాగిపోతుందట. పైకి కొవ్వు కనబడుతూనే ఉంటుంది, దాని కింద కండ కరిగిపోయి ఉంటుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1936లోనే హైరం స్టడ్లీ అనే అమెరికన్ సర్జన్, అల్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల వివరాలు పరిశీలించి చూశాడు. ఆపరేషన్‌కి ముందే 20 శాతానికి మించి బరువు కోల్పోయినవాళ్లలో మూడో వంతు మంది చనిపోయారు. అంతకన్నా తక్కువ కోల్పోయినవాళ్లలో మరణాలు 3.5 శాతమే. యాంటీబయాటిక్స్, ఐసీయూలు ఇప్పటిలా లేని రోజులు కాబట్టి ఆ అంకెలు ఇప్పటికి వర్తించవు గానీ, అసలు విషయం అప్పుడే బయటపడింది. అయినా నాకు మొదట జబ్బు కనిపెట్టిన చోట రక్తపరీక్షలు బోలెడు రాశారు, "ఆరు నెలల కిందట మీ బరువెంత?" అని మాత్రం అడగలేదు. ఖర్చు లేని ప్రశ్న అది.

డైటీషియన్ పరీక్ష చేసే పద్ధతి చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. డైట్ చార్టు ఇచ్చి పంపేస్తారనుకున్నాను. ఆమె నా కణతల దగ్గర, గూడ ఎముకల దగ్గర వేళ్లతో తడిమి చూశారు, మోచేతి పైన చర్మం పట్టి చూశారు, చీలమండల దగ్గర నొక్కి నీరు చేరిందేమో చూశారు. వారంగా ఏం తింటున్నాను, ఎంత తింటున్నాను, మెట్లు ఎక్కగలుగుతున్నానా, రోజులో ఎంతసేపు పడుకుంటున్నాను అని అడిగారు. చివరికి ఒక చిన్న పరికరం చేతికిచ్చి గట్టిగా పిసకమన్నారు. చేతి పట్టు ఎంతుందో అది కిలోల్లో చూపిస్తుంది. ఆడవాళ్లకి 16 కిలోల లోపు ఉంటే తక్కువ అన్నట్టు. నాకు 13 వచ్చింది. మూత తీయడానికి పిల్లాడిని పిలవాల్సి వస్తోందంటే వయసు మీద పడుతోందనుకున్నాను ఇన్నాళ్లూ.

క్యాన్సర్ కోసం తీసిన సీటీ స్కాన్‌నే మళ్లీ తెరిచి, నడుము దగ్గర మూడో వెన్నుపూస ఎత్తులో కండ ఎంత ఉందో చూశారు. అక్కడి కండ కొలత బట్టి ఒళ్లంతా కండ ఎంతుందో అంచనా వేయొచ్చట. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 2.9 ఉంది. 3 కన్నా తక్కువంటే ఆపరేషన్‌కి ముప్పే.

ఈ ఆల్బుమిన్ దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. "ఆల్బుమిన్ బాటిల్ ఎక్కించేస్తే అంకె పెరుగుతుందిగా, రెండు వారాలు ఎందుకు?" అని మా అక్క అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఎక్కిస్తే రిపోర్టులో అంకె పెరుగుతుంది కానీ ఒంటికి పోషణ అందినట్టు కాదని డైటీషియన్ చెప్పారు. ఆల్బుమిన్ తగ్గడానికి తిండి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్, క్యాన్సర్ ఉన్నప్పుడు కాలేయం దాని తయారీ తగ్గించేసి వేరే ప్రోటీన్ల మీద పడుతుంది. పైగా రక్తంలో ఒకసారి చేరిన ఆల్బుమిన్‌లో సగం తరగడానికి సుమారు 20 రోజులు పడుతుంది కాబట్టి, రెండు వారాలు బాగా తిన్నా ఆ అంకె అంతగా కదలదు. అందుకే ఆమె దాన్ని ముప్పు గుర్తుగా చూశారే తప్ప, నేను కోలుకుంటున్నానో లేదో తేల్చడానికి దాన్ని వాడలేదు. చేతి పట్టు, నడక, ఎన్ని క్యాలరీలు లోపలికి వెళ్తున్నాయి, ఇవి చూశారు.

అసలు ఆపరేషన్‌కీ కండకీ ఏమిటి సంబంధం అని నాకూ మొదట అర్థం కాలేదు. పెద్ద కోత పడగానే శరీరం దాన్ని పెద్ద గాయంగానే తీసుకుంటుంది. గాయం మానడానికి, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలు తయారు కావడానికి ప్రోటీన్ కావాలి, అదీ వెంటనే కావాలి. అప్పుడు నోటితో తినలేం కాబట్టి కండని కరిగించుకుంటుంది. కండ బ్యాంకులో వేసుకున్న డబ్బులాంటిది, కష్టమొచ్చినప్పుడు తీసుకోవాల్సింది అక్కడి నుంచే. నా ఖాతా అప్పటికే ఖాళీ. కాళ్లూ చేతులే కాదు, ఊపిరి పీల్చేదీ దగ్గేదీ కూడా కండలే. ఆపరేషన్ తర్వాత గట్టిగా దగ్గలేని మనిషికి కఫం ఊపిరితిత్తుల్లో నిలిచి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఎక్కువ. పేగు కుట్లు అతకకపోతే లీకేజీ. అది జరిగితే మళ్లీ ఐసీయూ, మళ్లీ ఆపరేషన్, క్యాన్సర్ మందులు వెనక్కి పోవడం.

చుట్టాల సలహాలు మామూలే. "చక్కెర మానేస్తే క్యాన్సర్ ఎండిపోతుంది", "బలమైన తిండి పెడితే కణితికే బలం" అని ఫోన్లు వచ్చాయి. రెండోది విన్నప్పుడు నాకూ భయం వేసిన మాట నిజం. డాక్టర్లు దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా వివరంగా చెప్పారు. తిండి మానేసినంత మాత్రాన కణితికి గ్లూకోజు ఆగదు. శరీరం కండలోని ప్రోటీన్‌ని కరిగించి మరీ గ్లూకోజు తయారు చేసుకుంటుంది. అంటే పస్తు ఉంటే ముందు చిక్కేది మనిషే. పోషణ ఇస్తే మనుషుల్లో కణితి పెరుగుతుందన్న భయంతో తిండి ఆపాల్సిన పని లేదని ఐరోపా పోషణ వైద్యుల సంఘం ఎస్పెన్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. తీవ్రమైన పోషణ లోపం ఉంటే క్యాన్సర్ ఆపరేషన్ అయినా సరే 7 నుంచి 14 రోజులు ఆపి పోషణ ఇవ్వాలన్నది వాళ్ల మాటే. మా సర్జన్ చేసింది అదే.

ఇక తినడం ఎలా? దారే మూసుకుపోయింది కదా. ముందు సెలైన్, పొటాషియం ఎక్కించారు, వాంతులతో అవన్నీ పోయాయి కాబట్టి. తర్వాత ఎండోస్కోపీ చేస్తూ ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేసి, కణితి పక్కనున్న ఇరుకు సందులోంచి దాటించి చిన్నపేగులో పెట్టారు. జీర్ణాశయం పని చెయ్యకపోయినా పేగు పని చేస్తున్నప్పుడు పేగునే వాడాలి, నరంలోంచి ఇచ్చే పోషణ అది కుదరనప్పుడే అని వాళ్ల సూత్రం. నరంలోంచి ఇస్తే ఇన్‌ఫెక్షన్ల భయం ఎక్కువట.

నా అవసరం కిలోకి 30 క్యాలరీల చొప్పున రోజుకి 1,600 పైచిలుకు, ప్రోటీన్ కిలోకి 1.5 గ్రాముల చొప్పున 80 గ్రాములు. ఇది తెలియగానే మా ఆయన "అయితే ఈరోజే మొత్తం ఎక్కించెయ్యండి" అన్నారు. అలా చెయ్యకూడదు. చాలా రోజులు తిండి లేని శరీరానికి ఒక్కసారిగా ఆహారం అందితే ఇన్సులిన్ ఉబికి వస్తుంది, దాంతో రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోతాయి. రక్తంలో అవి పడిపోతే గుండె లయ తప్పవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పస్తులతో మాడిన ఖైదీలు విడుదలై కడుపునిండా తిన్నాక కొందరు చనిపోవడంతో వైద్యులకి ఇది తెలిసొచ్చింది. అందుకని నాకు ముందు థయామిన్, అంటే విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత కిలోకి పది క్యాలరీలతో మొదలుపెట్టి, రోజూ రక్తం తీసి చూస్తూ నెమ్మదిగా పెంచారు. మధ్యలో ఫాస్ఫేట్ ఒకసారి పడిపోయింది. అది సరిచేసేదాకా ఫీడ్, అంటే ట్యూబ్‌లోంచి పంపే ద్రవాహారం, పెంచలేదు. ప్రతిరోజూ సూది గుచ్చుతుంటే చిరాకేసేది గానీ, ఎందుకో తెలిశాక చెయ్యి నేనే చాచేదాన్ని.

ట్యూబ్‌తో బతకడం గురించి నిజం చెప్పాలి. గొంతులో ఏదో అడ్డం ఉన్నట్టే ఉంటుంది, అలవాటవుతుందని అందరూ అంటారు కానీ నాకు పూర్తిగా అలవాటు కాలేదు. పంపు రాత్రంతా నడుస్తూ ఉంటుంది, తల వైపు మంచం ఎత్తిపెట్టే పడుకోవాలి, పక్కకి తిరిగితే అలారం మోగుతుంది. ఫీడ్ వేగం పెంచిన రోజు విరేచనాలు పట్టుకున్నాయి. వేగం తగ్గించి, మళ్లీ పెంచారు. ఫీడ్ ముగిసినప్పుడల్లా నీళ్లు పంపి ట్యూబ్ కడగకపోతే అది మూసుకుపోతుంది, మళ్లీ ఎండోస్కోపీ తప్పదు. ఆ కడిగే పని మా అబ్బాయి తీసుకున్నాడు, గోడకి కాగితం అంటించి టైము రాసేవాడు. రుచీ వాసనా లేకుండా పేగులోకి నేరుగా వెళ్లే తిండితో కడుపు నిండిన తృప్తి ఉండదు. కానీ నాలుగైదు రోజులకే నాకు తేడా తెలిసింది. కళ్లు తిరగకుండా లేచి నిలబడగలిగాను.

తిండితో పాటు వ్యాయామం కూడా రాశారు. ఇది నాకు వింతగా అనిపించింది, ఒంట్లో శక్తి లేదంటూనే నడవమంటున్నారు. కదలకుండా ప్రోటీన్ తీసుకుంటే అది కండగా మారడం కష్టం అని ఫిజియోథెరపిస్టు చెప్పారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. వరండాలో నడక. బంతులు పైకి లేచే స్పైరోమీటరుతో గంట గంటకీ ఊపిరి గట్టిగా పీల్చడం. రక్తహీనత కోసం ఐరన్ నరంలోకి ఎక్కించారు. చివరి వారంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, ఒమేగా 3 కొవ్వులు కలిపిన ప్రత్యేకమైన ఫీడ్‌కి మార్చారు. జీర్ణకోశ క్యాన్సర్ ఆపరేషన్లలో ఇన్‌ఫెక్షన్లు తగ్గించడానికి దాన్ని వాడతారట.

రెండు వారాలయ్యాక బరువు కిలో మాత్రమే పెరిగింది. మా అక్క నిరుత్సాహపడింది, "ఇంతేనా?" అని. ఆల్బుమిన్ కూడా 3.1 దగ్గరే ఆగింది. కానీ చేతి పట్టు 15కి వచ్చింది, కుర్చీలోంచి ఊతం లేకుండా లేస్తున్నాను, పొటాషియం, ఫాస్ఫేట్ నిలకడగా ఉన్నాయి. "నాకు కావాల్సింది ఇదే" అన్నారు సర్జన్ గారు. ఈ రెండు వారాల్లో బరువు పెరగాలని ఎవరూ ఆశించలేదని, పడిపోవడం ఆగి, ఒళ్లు మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాలన్నదే లెక్క అని అప్పుడు అర్థమైంది.

ఆపరేషన్ ముందు రోజు రాత్రి ఒక చిన్న తమాషా. పక్క మంచంలో పెద్దపేగు క్యాన్సర్‌తో ఉన్న పెద్దావిడకి తియ్యటి పిండిపదార్థం డ్రింకు ఇచ్చారు, తెల్లవారుజామున ఇంకొంచెం ఇచ్చారు. పాతకాలంలోలా రాత్రంతా పస్తు ఉంచడం ఇప్పుడు మానేశారు. జీర్ణాశయం మామూలుగా ఖాళీ అయ్యేవాళ్లు మత్తు ఇవ్వడానికి ఆరు గంటల ముందు వరకు తేలికపాటి ఆహారం, రెండు గంటల ముందు వరకు నీళ్లలాంటి ద్రవాలు తీసుకోవచ్చు. పస్తుతో ఆపరేషన్‌కి వెళితే తర్వాత ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యక కండ ఇంకా కరుగుతుందట. నాకెందుకు ఇవ్వలేదని నర్సమ్మతో గొడవ పెట్టుకున్నాను. నా జీర్ణాశయం ఖాళీ కాదు కాబట్టి, మత్తులో ఉన్నప్పుడు లోపలిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని, అందుకే నాకు ఆ డ్రింకు పనికిరాదని చెప్పారు. పైగా ఇంకో ట్యూబ్ వేసి కడుపులో ఉన్నదంతా లాగేశారు. ఎవరికో ఇచ్చినది చూసి మనకీ కావాలనుకోకూడదు, డాక్టర్‌ని అడగడంలో మాత్రం తప్పులేదు.

జీర్ణాశయంలో ముప్పాతిక భాగం తీసేశారు, మిగిలినదాన్ని చిన్నపేగుకి కలిపారు. లేచేసరికి ముక్కులో ట్యూబ్ లేదు, దాని బదులు పొట్ట గోడలోంచి చిన్నపేగులోకి సన్నటి గొట్టం ఉంది. మర్నాడే అందులోంచి ఫీడ్ కొద్దికొద్దిగా మొదలుపెట్టారు, ఆ రోజే లేపి నిలబెట్టారు కూడా. దగ్గుతుంటే కోత దగ్గర ప్రాణం పోయినట్టుండేది, దిండు పొట్టకి అదుముకుని దగ్గేదాన్ని. రోజుల తరబడి నేర్చుకున్న స్పైరోమీటరు ఊపిరి అప్పుడు అక్కరకొచ్చింది. కుట్లు లీక్ కాలేదు, గాయానికి చీము పట్టలేదు. ఇదంతా రెండు వారాల తిండి మహిమే అని నేను అనను. సర్జన్ చెయ్యి మంచిది, కణితి దశ అనుకూలంగా ఉంది. కానీ ఆ 13 కిలోల పట్టుతో బల్ల ఎక్కి ఉంటే ఇలా లేచి ఉండేదాన్నా అంటే, నాకు నమ్మకం లేదు.

ఇంటికి వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. జీర్ణాశయం చిన్నదైపోయింది కాబట్టి మూడు పూటలు అన్న లెక్క పోయి, రెండు మూడు గంటలకోసారి గుప్పెడు తినాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. తీపి ఎక్కువైతే డంపింగ్ వస్తుంది: తిన్న కాసేపటికే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం. ఒక్కోసారి రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి ఒళ్లు వణుకుతుంది. ప్రోటీన్ ముందు తిని మిగతావి తర్వాత తినమన్నారు, అది బాగా పనిచేసింది. ఆకలి అన్నదే వేసేది కాదు. గడియారం చూసి తినేదాన్ని. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ పళ్లెం నిండా పెట్టి ఎదురుగా కూర్చుంటే తినాలనిపించేది కాదు. చిన్న గిన్నెలో పెట్టి వెళ్లిపొమ్మని చెప్పాక ఇద్దరికీ హాయిగా ఉంది. రోగిని చూసుకునేవాళ్లకి నేను చెప్పే మాట ఇదొక్కటే, తినమని బతిమాలకండి, చేతికి అందేచోట పెట్టి ఉంచండి.

బరువు మళ్లీ 50కి పడింది. టెన్షన్ పడ్డాను గానీ జీర్ణాశయం తీసేసినవాళ్లకి మొదటి నెలల్లో ఇది మామూలేనట. నోటితో తిన్నది చాలదు కాబట్టి పొట్టలోని గొట్టాన్ని తీసేయకుండా ఉంచి, రాత్రుళ్లు సగం అవసరం దానిలోంచే ఇచ్చారు. అలా ఉంచబట్టే కీమో అనుకున్న సమయానికి, అంటే ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్యలోనే మొదలైంది. ఆపరేషన్ బాగా జరిగినా ఒంట్లో సత్తువ లేక కీమో వాయిదా పడేవాళ్లు చాలామంది ఉంటారని, అందుకే ఆపరేషన్ తర్వాత కూడా పోషణ వదలకూడదని అంకాలజిస్టు గారు అన్నారు. కీమోలో వికారం వచ్చిన రోజుల్లో ఆ గొట్టమే నన్ను నిలబెట్టింది. నోటితో సరిపడా తినగలుగుతున్నానని డైటీషియన్ లెక్కగట్టి ఒప్పుకున్నాకే దాన్ని తీశారు.

ఇప్పుడు 53 దగ్గర నిలకడగా ఉన్నాను. 64కి వెళ్లాల్సిన పని లేదన్నారు. బి12 ఇంజెక్షన్ నడుస్తోంది, ఐరన్, కాల్షియం, విటమిన్ డి కూడా చూస్తూ ఉండాలి. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ బరువు కన్నా ముందు చేతి పట్టు చూడమని నేనే అడుగుతున్నాను. పోయినసారి 18 వచ్చింది.